తౌతోరు పొదుగుతున్నాడు

మిరియాటా గట్టు మీద నిలబడి, ఏంటెన్నాను తలకంటే ఎత్తుగా పట్టుకుని, పెరట్లో బట్టల తీగ సవరిస్తున్నంత నెమ్మదిగా అటూ ఇటూ తిప్పింది. భుజానికి వేలాడే రిసీవర్ ముందు గరగరలాడింది. ఆ తర్వాత ఎక్కడో అడుగునుంచి సన్నగా వినిపించింది, టిక్, టిక్, టిక్. ఆమె మొహం విప్పారింది.

"ఉన్నావా నాయనా," అంది లోయలోకి చూస్తూ.

లోయలో ఉన్నవాడు తౌతోరు. అవతలి దీవి వాళ్ళు తమ అడవిలో పట్టి, పెట్టెల్లో పెట్టి, పాటలు పాడుతూ తెచ్చి, కిందటేడు వైమారో లోయ వాళ్ళ చేతుల్లో పెట్టిన, ఎగరలేని కివి పిట్టల్లో ఒకడు. కొన్ని కొండ దాటి పోయాయి. ఒకటి పశువుల నీళ్ళతొట్టిలో పడి చచ్చిపోయింది. తౌతోరు మాత్రం సెలయేటి పక్కన, పడిపోయిన పొంగా అనే ఫెర్న్ చెట్టు కింద బొరియ చూసుకుని, తోడు తెచ్చుకుని, బుద్ధిగా కాపురం పెట్టాడు. ఇప్పుడు గుడ్ల మీద ఉన్నాడు. ఆ జాతిలో పొదిగేది తండ్రే. తల్లి తన ఒంటికి మించిన గుడ్డు పెట్టేసి, తన దారిన తను తిరుగుతుంది. ఈ ఏర్పాటు మిరియాటాకు మహా నచ్చింది. తను స్కూలు బస్సు నడిపిన రోజుల్లో చూసిన తండ్రులందరినీ ఒకసారి పిలిచి చెప్పాలనిపించేది.

వాడి కాలికి కట్టిన చిన్న ట్రాన్స్‌మిటర్ కబుర్లన్నీ చెబుతుంది. టిక్కులు ఒక తీరుగా వస్తే గుడ్ల మీద ఉన్నట్టు, ఇంకో తీరుగా వస్తే వదిలి తిరుగుతున్నట్టు. గుండె దడదడలాడినట్టు గబగబా వస్తే మాత్రం ఆ కాలు చాలాసేపటినుంచి కదల్లేదని, అంటే ప్రాణం లేదని. ఆ చప్పుడు వినాల్సి వస్తుందేమోనని మిరియాటా ప్రతి పొద్దునా రిసీవర్ మీట నొక్కే ముందు ఊపిరి బిగబట్టేది.

కివి ప్రాజెక్టు నడిపే అమ్మాయి బ్రోన్విన్ చెప్పిన పద్ధతి ప్రకారం గట్టు మీద రెండు చోట్ల నిలబడి దిక్కు చూసుకోవాలి, రెండు గీతలు మ్యాపు మీద ఎక్కడ కలిశాయో గుర్తు పెట్టుకోవాలి, ఇంటికి పోవాలి. కిందికి దిగకూడదు. మిరియాటా రెండు చోట్లా నిలబడింది, గీతలు గీసింది, గుర్తు పెట్టుకుంది. ఆ తర్వాత మామూలుగానే కిందికి దిగింది.

చూడ్డానికి కాదు. బొరియలోకి ఆమె ఏనాడూ తొంగి చూడలేదు. పొంగా మాను దగ్గర మోకాలు ఆనించి, అరచెయ్యి నేల మీద పెట్టి, కాసేపు ఉండి లేచి వచ్చేది. లోపల గోధుమరంగు గడ్డివాములా ఒక ముద్ద, పొడుగాటి ముక్కు రెక్క కింద దాచుకుని వెచ్చగా కూర్చుని ఉందన్న సంగతి ఆ అరచేతికి తెలిస్తే చాలు. అంతకంటే ఏం అడిగింది ఆమె?

ఇల్లు ఒక పచ్చికబయలు దూరం. తలుపు తీయగానే పిపి ఎగురుకుంటూ వచ్చాడు. తెల్లటి బుల్లికుక్క, తోక దగ్గర గోధుమరంగు మచ్చ, సోఫా మీద తనకో దిండు. ఆమె రబ్బరు బూట్లను మడమనుంచి మునివేళ్ళ దాకా శ్రద్ధగా వాసన చూశాడు.

"చాల్లే పెద్దమనిషీ, నువ్వేం పోలీసువి కాదు," అని మిరియాటా వాడిని ఎత్తుకుని, ముక్కు మీద ఎర్రటి గీరు చూసింది. "ముళ్ళపొదల్లో దూరొద్దని ఎన్నిసార్లు చెప్పాలి?" అంటూ కొంచెం మందు రాసింది. మధ్యాహ్నం భోజనమయ్యాక ఎప్పట్లా కునుకు తీసింది.

*

మర్నాడు టిక్కుల తీరు మారింది.

రెండోసారి విన్నది. మూడోసారి విన్నది. వాడు గుడ్లు వదిలి రాత్రి చాలాసేపు తిరిగాడు, ఇంకా లోపలికి పోలేదు. మిరియాటా దిక్కులూ గీతలూ మర్చిపోయి, గట్టు మీదనుంచి జారుకుంటూ దిగింది. పొంగా మాను పక్కన ఎండుటాకులు చెల్లాచెదరుగా ఉన్నాయి. బొరియ మూతి దగ్గర మట్టి తవ్వి ఉంది. గోళ్ళతో గీకిన గీతలు, కుక్క గోళ్ళవి. రాత్రి వాన కురిసి అడుగుల జాడలన్నీ చెరిపేసింది.

ఆమె ఒళ్ళు మండిపోయింది. అక్కడనుంచి ఇంటికి కూడా పోకుండా తిన్నగా మరిది హోహెపా దొడ్లోకి నడిచింది.

హోహెపా అడవిపందిని బల్ల మీద పడేసి, వేడినీళ్ళలో తడిపిన గోనెపట్టా కప్పి, తీసి, కత్తితో బొచ్చు గీకుతున్నాడు. మోచేతుల దాకా ఆవిరి. వదినను చూసి కత్తి ఊపాడు.

"రా వదినా. వెనక తొడ నీకోసమే తీసిపెట్టా."

"నీ తొడ ఎవరిక్కావాలి? నిన్న నీ కుక్కలెక్కడున్నాయి?"

"ఎక్కడుంటాయి? అవిగో."

రేకుల పంచ కింద మూడు వేటకుక్కలు గొలుసులతో పడుకుని ఉన్నాయి. వాటి పేర్లు వింటేనే లోయలో పందులు పరుగెత్తుతాయని హోహెపా చెప్పుకుంటాడు.

"తౌతోరు బొరియ తవ్వేశాయి. వాడు బయటికి పారిపోయాడు. గుడ్లు చల్లారిపోతున్నాయి. నిమ్మకు నీరెత్తినట్టు పంది గీక్కుంటున్నావు!"

హోహెపా కత్తి పక్కన పెట్టాడు. "బొరియ తవ్వాయా? ఇవా? వదినా, మ్యాగ్స్ ముసల్ది, లేచి నీళ్ళు తాగమంటేనే నా మీద విసుక్కుంటుంది. టాంక్‌గాడికి పందికోర దిగి కుట్లు పడ్డాయి. ఇక బాస్..."

"ఆ, బాస్?"

"కివి జోలికి పోకుండా ఏడాదికోసారి వీటి మెడకి కరెంటు పట్టీ కట్టించి, ఆ ఫ్రిజ్‌లో పెట్టిన చచ్చిన కివి ముందు నడిపించి తెస్తున్నానా లేదా? కివి వాసనొస్తే బాస్‌గాడు దారి మార్చేస్తాడు, నేను చర్చి ఫాదర్ని చూసి మార్చినట్టు. నీ పిపికి చేయించావా ఆ శిక్షణ?"

"పిపి కుక్కేంట్రా, బొమ్మ. ఒళ్ళో కూర్చునేవాడికి కరెంటు పెట్టిస్తానా? మాట మార్చకు. బాస్ గొలుసు తెంపుకోడా?"

హోహెపా వెళ్ళి గొలుసు చేతిలోకి తీసుకున్నాడు. ఒక్కో కడియం తిప్పి చూశాడు. చివరి కడియం కొద్దిగా సాగి ఉంది. బాస్ అతని మోకాలికి తల రాస్తున్నాడు.

"తెంపుకోడని ఒట్టేసి చెప్పలేను," అన్నాడు చివరికి. నిజాయితీపరులతో వచ్చిన చిక్కే ఇది, తమ మీదికి తామే తెచ్చుకుంటారు.

*

ఆ సాయంత్రం ఊరందరి చావడి అయిన మరాయె వంటింట్లో ప్రాజెక్టు వాళ్ళంతా కూర్చున్నారు. ఊరి మంచీ చెడ్డా అన్నీ ఆ వంటింట్లోనే తేలతాయి, వెలుపలి సభాగృహంలో ఉత్త ఉపన్యాసాలే. పొయ్యి మీద టీ మరుగుతోంది. వేయించిన రొట్టెల పళ్ళెం ఒకరి చేతినుంచి ఒకరికి పోతోంది.

బ్రోన్విన్ సంగతి చెప్పింది. చీకటిపడే వేళకు తౌతోరు తిరిగి గుడ్ల మీదికి చేరాడు, టిక్కులు మళ్ళీ దారిలోకి వచ్చాయి. అందరూ హమ్మయ్య అనుకున్నారు.

"కానీ ఇంకొక్కసారి ఎవరైనా బెదరగొడితే మాత్రం గుడ్లు వదిలేసి పోతాడు, ఇక రాడు," అంది బ్రోన్విన్. "రేపు బొరియ దగ్గర కెమెరా పెడతాను."

"కెమెరా ఎందుకే అమ్మాయ్?" అంది మిరియాటా. "ఈ లోయలో వేటకుక్కలు ఎవరికున్నాయో అందరికీ తెలుసు. శనివారం దీవి వాళ్ళొస్తున్నారు. వాళ్ళ మెరెపేకా అవ్వ తౌతోరును నా చేతుల్లో పెట్టింది. ‘మా బిడ్డ, ఇకనుంచి నీ బిడ్డ’ అంది. వచ్చి ఎక్కడున్నాడని అడిగితే ఏం చెప్పమంటావ్? మా మరిది కుక్కకి పలారమయ్యాడని చెప్పనా?"

"రుజువేం లేదు కదా పిన్నీ," బ్రోన్విన్ మెల్లగా అంది.

కళ్ళన్నీ హోహెపా వైపే తిరిగాయి. ఆ గదిలో పెళ్ళికైనా చావుకైనా అతను తెచ్చిన పంది మాంసం తినని నోరు లేదు. అతను చేతిలో రొట్టెను రెండుగా తుంచాడు, తినకుండా పళ్ళెంలో పెట్టేశాడు.

"సరే వదినా. కుక్కల్ని కొండవతల రంగి దొడ్లో వదిలేసి వస్తా. వాడి పిల్లలు గుడ్లలోంచి బయటికొచ్చేదాకా అక్కడే ఉంటాయి." లేచి తలుపు దాకా వెళ్ళి ఆగాడు. "శనివారం చుట్టాలకి ఇంకో పంది తెస్తానన్నాను. కుక్కల్లేకుండా నా వల్ల కాదు. కోళ్ళు చూసుకోండి."

మిరియాటాకు తను చేసింది న్యాయమే అనిపించింది. కానీ ఆ రాత్రి రొట్టె ముక్కలు రెండూ పళ్ళెంలో అలాగే ఉండిపోవడం ఎందుకో కంట్లో మెదులుతూనే ఉంది.

*

శుక్రవారం సాయంత్రం బ్రోన్విన్ పికప్ బండి వేసుకుని మిరియాటా గేటు ముందు ఆగింది. లోపలికి రమ్మంటే రాలేదు. బండి ముందు భాగం మీద కెమెరా పెట్టి, చిన్న తెర తెరిచింది.

"ఒకసారి చూడు పిన్నీ."

మొదటి బొమ్మలో ఒక మనిషి వీపు. వంగి, మోకాలు ఆనించి, నేల మీద చెయ్యి పెట్టి ఉంది. మిరియాటా చెవులు వేడెక్కాయి.

"ఇది నేనే."

"తెలుస్తోంది పిన్నీ."

"లోపలికి తొంగి చూళ్ళేదే. ఒట్టు."

"అదీ తెలుస్తోంది." బ్రోన్విన్ మీట నొక్కింది.

తర్వాతి బొమ్మలో మిరియాటా లేదు. అదే పొంగా మాను, అవే ఎండుటాకులు. వాటి మధ్య తెల్లటి పిర్ర ఒకటి, తోక దగ్గర గోధుమరంగు మచ్చ. తర్వాతి దాంట్లో ముక్కు సరిగ్గా ఆమె మోకాలు ఆనించిన చోట ఉంది. ఆ తర్వాత చెయ్యి పెట్టిన చోట. ఆ తర్వాత తల బొరియ లోపల. ఆఖరి బొమ్మలో కుక్క గాల్లో ఉంది, నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులా. లోపలినుంచి తౌతోరు తన్నిన తన్ను అలాంటిది.

"లోపలే ఉన్నాడు, టిక్కులు బాగానే ఉన్నాయి," బ్రోన్విన్ గబగబా అంది. "అదృష్టం. నువ్వు మధ్యాహ్నం పడుకున్నాక పిపి వెళ్తున్నట్టున్నాడు పిన్నీ. నీ బూట్ల వాసన పట్టుకుని, నువ్వు నడిచిన చోటే నడుస్తూ."

మిరియాటా ఇంటివైపు తిరిగింది. కిటికీ లోపల సోఫా దిండు మీద పిపి వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ముక్కు మీద కొత్త గీరు. ఈసారి కూడా ఆమె ముల్లే అనుకుని మందు రాసింది.

"చూడు," అంది బ్రోన్విన్, గొంతు తగ్గించి. "పిపిని కట్టేస్తే చాలు. నువ్వు కిందికి దిగడం మానేస్తే చాలు. రేపు దీవి వాళ్ళొస్తున్నారు. వాళ్ళ ముందు ఇదంతా ఎందుకు? ఈ ఫోటోలు నేను చెరిపేస్తాను."

"మరి హోహెపా కుక్కలు?"

"నెమ్మదిగా తెచ్చుకుంటాడులే. ఏదో ఒకటి చెబుదాం."

ఆ పిల్ల ప్రేమకొద్దీ అంటోందని మిరియాటాకు తెలుసు. ఇంతకుముందు ఇంకెవరి విషయంలోనైనా అయితే ఆ మాటకి తల ఊపేదేమో కూడా. తెర మీద కుక్క ఇంకా గాల్లోనే ఉంది.

"చెరపకు," అంది. ఇంట్లోకి వెళ్ళి కారు తాళాలు తీసుకుంది.

కొండవతల రంగి దొడ్లో మ్యాగ్స్ కంచె మూల ముడుచుకుని ఉంది. ముందు పెట్టిన మాంసం మీద ఈగలు.

"తెచ్చిన దగ్గర్నుంచీ ముట్టలేదమ్మా," అన్నాడు రంగి. "రేపు కూడా తినకపోతే హోహెపాకి ఫోన్ చేద్దామనుకుంటున్నా."

మిరియాటా మోకాళ్ళ మీద కూర్చుని మ్యాగ్స్‌ను రెండు చేతులతో ఎత్తింది. ముసలి కుక్క బరువుకి నడుము కలుక్కుమంది. ముందు సీట్లో కూర్చోబెట్టింది. వెనక సీట్లో టాంక్ కుట్ల కాలు చాపుకుని పడుకున్నాడు. బాస్ దారి పొడుగునా తన బండరాయిలాంటి తల ఆమె భుజం మీద మోపి చొంగ కారుస్తూనే ఉన్నాడు. లోయలో ఇన్నేళ్ళు పిల్లలను దింపింది కానీ, ఇంత నిశ్శబ్దంగా కూర్చున్న వాళ్ళను ఎప్పుడూ దింపలేదు.

హోహెపా దొడ్డి గేటు తీసి, నోరు తెరుచుకుని నిలబడ్డాడు. కుక్కలు అతని మీద పడ్డాయి. ముసలి మ్యాగ్స్ కూడా దూకింది.

"ఏంటి వదినా, రంగిగాడి దగ్గర దొంగిలించుకొచ్చావా?"

"పిపి," అంది మిరియాటా.

"పిపి ఏంటి?"

"పిపిరా. నా పిపి. కెమెరాలో పడ్డాడు. నేను పొద్దున వెళ్తుంటే మధ్యాహ్నం వాడు వెళ్తున్నాడు, నా వెనకే, నా వాసన పట్టుకుని. వాడికి దారి చూపించింది నేనే. నీ కుక్కలు గేటు దాటలేదు."

హోహెపా ఒక్క క్షణం ఆమెను చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు ఆగలేదు, పొట్ట పట్టుకుని తిరగేసిన డ్రమ్ము మీద కూలబడ్డాడు. "పిపి! ఆ బొమ్మ! సోఫా మీద దిండేసుకునేవాడు!"

"నవ్వు. కడుపారా నవ్వు. నాకదే కావాలి," అంది మిరియాటా, అని ఏడ్చేసింది.

అతని నవ్వు ఆగిపోయింది. బాస్ మెడ కింద గోకాడు.

"నా బాధ నువ్వు అన్నందుకు కాదు వదినా. నువ్వు నన్ను తిట్టడం కొత్తేం కాదు. నాకూ వీడి మీద అనుమానమొచ్చింది చూడు, అదీ. రంగి దగ్గర వదిలేటప్పుడు వీడి మొహం కూడా చూళ్ళేదు. వీడు మాత్రం గేటు మీంచి నన్నే చూస్తా ఉన్నాడు." లేచి పంచలోంచి ఒక గొలుసు తెచ్చాడు, పందిని పట్టే కుక్కను ఆపగలిగేది. "ఇదిగో. నీ రౌడీకి."

*

శనివారం దీవి వాళ్ళు వ్యాను నిండా మరాయెకు వచ్చారు. పిలుపులూ, ప్రసంగాలూ, పాటలూ అయ్యాయి. ముక్కూ నుదురూ ఆనించి అందరూ అందరినీ పలకరించారు. వంటింట్లో టీ కప్పులు ఖాళీ కాకముందే మెరెపేకా అవ్వ చేతికర్ర నేల మీద ఆనించి లేచింది. ఆవిడ మోకాళ్ళు పాడైపోయాయి. అయినా ఈ ప్రయాణానికి కొత్త బూట్లు కొనుక్కొచ్చింది.

"సరే పిల్లా, మా వాడి దగ్గరికి తీసుకెళ్తానన్నావు. పద."

మిరియాటా లేచి అందరి ముందుకీ వచ్చి నిలబడింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"తీసుకెళ్ళలేనవ్వా," అంది. బ్రోన్విన్ తల దించుకుంది. "నేను కూడా వెళ్ళకూడదు. వద్దన్నా రోజూ కిందికి దిగాను. నా వాసన పట్టుకుని నా కుక్క వెళ్ళి వాడి బొరియ తవ్వింది. వాడు గుడ్లొదిలి పారిపోయాడు, మన అదృష్టం కొద్దీ మళ్ళీ వచ్చాడు. ఇంకొక్కసారి అయితే రాడు. నేను నా కుక్కనొదిలేసి మా మరిది కుక్కల్ని లోయలోంచి వెళ్ళగొట్టించాను. ఈ గదిలో కూర్చునే. తప్పు నాది. మీరు నా చేతుల్లో పెట్టారు, నేను సరిగ్గా పట్టుకోలేదు."

 మెరెపేకా అవ్వ చేతికర్ర మీద రెండు చేతులూ ఆనించింది.

"అంటే మా అందరికంటే ముందు నీ కుక్క చూసిందన్నమాట."

ఎవరో ఫక్కుమన్నారు. అవ్వ నవ్వలేదు.

"వద్దన్నారు కదా. మరి ఎందుకెళ్ళావు?"

 "ఉండలేక," అంది మిరియాటా.

"ఆ," అంది అవ్వ. మళ్ళీ కుర్చీలో కూర్చుంది, కొత్త బూట్ల వైపు చూసుకుంది. "మేమూ ఉండలేకే వచ్చాం."

హోహెపా వెనకనుంచి గొంతు సవరించుకున్నాడు. "అవ్వా, గట్టు మీదిదాకా పోవచ్చు. అక్కడిదాకా బండి పోతుంది. వాడి చప్పుడు వినబడుతుంది."

గట్టు మీద గాలి విసురుగా ఉంది. ఏంటెన్నాను హోహెపా పట్టుకున్నాడు. రంపపు మిషన్లతో చెవులు పాడైన మనిషి, అతనికి టిక్కులు వినబడవు, అందుకని మిరియాటా "ఎడమకి, ఇంకాస్త, పైకెత్తు, నీ పొడుగంతా ఏం చేసుకుంటావ్" అని అదిలిస్తూ తిప్పించింది. దొరికాక రిసీవరును అవ్వ చెవి దగ్గర పెట్టింది.

అవ్వ కళ్ళు మూసుకుని వింది. "ఇది ఏం చెబుతోంది?"

"పొదుగుతున్నానంటున్నాడు."

"తిన్నాడా రాత్రి?"

"కొంచెంసేపు బయటికొచ్చి తిని, తొందరగా లోపలికి పోయాడు."

అవ్వ లోయకేసి తిరిగి తమ దీవి యాసలో ఏదో గుసగుసగా మాట్లాడింది, ఇంట్లో వాళ్ళతో మాట్లాడినట్టే. జాగ్రత్తలు చెప్పినట్టుంది. చలి ఎక్కువైంది, జనం ఒక్కొక్కరే బండి వైపు మళ్ళారు. మిరియాటా కూడా కదిలింది. బండి వైపు అనుకుంది. నాలుగడుగులు వేశాక కాని తెలియలేదు, కాళ్ళు కిందికి దిగుతున్నాయి.

ఆగిపోయింది. కాళ్ళ ముందు ఫెర్న్ మొక్కలను చీల్చుకుంటూ నున్నగా, శుభ్రంగా, ఒక మట్టిదారి సెలయేటి దాకా దిగిపోయింది. ఎవరూ నరకలేదు, ఎవరూ తవ్వలేదు. తన రెండు బూట్లే రోజూ తొక్కి తొక్కి వేసిన దారి. కళ్ళు లేనివాడు కూడా నడిచి తౌతోరు గుమ్మం దాకా పోగలడు.

గాలికి విరిగిపడ్డ మానుకా చెట్టు కొమ్మ ఒకటి పక్కనే ఉంది. దాన్ని ఈడ్చుకొచ్చి దారికి అడ్డంగా పడేసింది. చాలలేదు. ఇంకోటి లాగింది. హోహెపా ఏంటెన్నా కింద పెట్టి, ఏమీ అడక్కుండా, ముళ్ళపొదనుంచి ఒక పెద్ద మండ విరిచి తెచ్చాడు. బ్రోన్విన్ తెచ్చింది. ఆపైన దీవి వాళ్ళు కూడా వెనక్కి వచ్చి తలా ఒకటీ తెచ్చి వేశారు. దారి మూతి కనబడకుండా పోయింది.

మెరెపేకా అవ్వ చేతికర్ర చంకలో పెట్టుకుని రెండు చేతులూ చాపింది. "నాకూ ఒకటివ్వండర్రా."

మిరియాటా చిన్న కొమ్మ చూసి ఇచ్చింది. అవ్వ వంగలేక వంగి, దాన్ని అన్నిటి పైనా పెట్టి, కదలకుండా ఉందో లేదో అరచేత్తో ఒకసారి నొక్కి చూసింది.